పాత నారోబోట్‌ను సొంతంగా, కొంచెం కొంచెంగా బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బర్మింగ్‌హామ్, లెస్టర్, మిల్టన్ కీన్స్ వైపు ఉండే తెలుగువాళ్ళలో సాయంత్రం పూట కాలువ గట్టు మీద నడిచే అలవాటు చాలామందికి ఉంది. అలా నడుస్తూ రంగు వెలిసిన పాత నారోబోట్‌కు (కాలువల్లో తిరిగే, లోపల ఇల్లులా అమర్చిన సన్నటి పొడవాటి పడవకు) కట్టిన ‘అమ్మకానికి’ బోర్డు చూసి ఆగిపోయినవాళ్ళూ, ఇప్పటికే కొనేసినవాళ్ళూ అడిగే ప్రశ్నలివి. నా పడవ 1980లలో కట్టింది. ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంత చేసుకుంటూ వస్తున్నాను. ఈ జవాబులన్నీ ఆ పద్ధతికి సరిపోయేవే. పడవను యార్డుకి అప్పగించి మొత్తం ఒకేసారి చేయించుకునేవారి లెక్క వేరు.

ఈ పడవలు ఎందుకింత సన్నగా ఉంటాయి?

లాక్‌ల వల్ల, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించే, దించే తలుపుల తొట్టెల వల్ల. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి (1766లో చట్టం వచ్చింది, 1777లో పని పూర్తయింది) లాక్‌లను సుమారు ఏడడుగుల వెడల్పుతో వేశాడు. మిడ్‌లాండ్స్‌లో ఆ తర్వాత తవ్విన చాలా కాలువలు అదే కొలత పట్టుకున్నాయి. అందుకే పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 72 అడుగుల దాకా పోవచ్చు. దేశమంతా తిరగాలనుకుంటే 57 అడుగులు దాటకుండా చూసుకోండి. అంతకు మించితే యార్క్‌షైర్‌లోని కాల్డర్ అండ్ హెబుల్ లాంటి చోట్ల పొట్టి లాక్‌లలో ఇబ్బంది.

మరమ్మతు చేసేవాళ్ళకి ఈ వెడల్పే అసలు సమస్య. రెండు పక్కలా ఇన్సులేషన్, దాని మీద చెక్క పోగా లోపల మిగిలేది ఆరడుగులే అనుకోవచ్చు. ఒక్క అంగుళం మందం ఎక్కువ వేసినా నడవలో భుజాలకు తెలుస్తుంది.

కొనేముందు ఏం చూడాలి?

నీళ్ళ కింద ఉన్నదాన్ని. లోపల కొత్త సోఫా, మెరిసే వంటగది చూసి మనసు పారేసుకోవద్దు. అవి మార్చుకోగలిగినవి. ఉక్కు అరిగిపోతే వేలకు వేల పౌండ్లు పోతాయి.

ఇప్పటి పడవలకు ఎక్కువగా 10/6/4 ఉక్కు వాడతారు: అడుగు పలక 10 మి.మీ., పక్కలు 6, క్యాబిన్ 4. 1970, 80లలో కట్టినవాటిలో చాలావాటికి అడుగు కూడా 6 మి.మీ. లేదా అంతకన్నా పలచన. పడవను నీళ్ళలోంచి పైకి తీయించి, అల్ట్రాసౌండ్ గేజ్‌తో మందం కొలిచే సర్వేయర్‌ను మీ ఖర్చుతో మీరే పెట్టుకోండి. అమ్మేవాళ్ళు చూపించే పాత రిపోర్టు చదవండి కానీ దాని మీదే ఆధారపడొద్దు. సాధారణంగా 4 మి.మీ. కంటే తగ్గిన చోట ఇన్సూరెన్స్ కంపెనీలు వెనకడుగు వేస్తాయి. రిపోర్టులో సగటు మందం కన్నా తుప్పు గుంటల లోతు ముఖ్యం. నీళ్ళు లోపలికి వచ్చేది ఒక్క గుంటలోంచే.

పలచబడ్డ చోట పైనుంచి కొత్త పలక వెల్డింగ్ చేయించడం మామూలే. దాన్ని ఓవర్‌ప్లేటింగ్ అంటారు. తప్పేమీ కాదు, కానీ ఆ బరువుకి పడవ కిందికి దిగుతుంది. నీటిమట్టానికి దగ్గరయ్యే రంధ్రాలు, పైపు మూతులు ఏమిటో వెల్డర్‌తో ముందే మాట్లాడుకోవాలి. 1970ల పడవల్లో కొన్నిటికి కింద ఉక్కు, పైన ప్లైవుడ్ క్యాబిన్ ఉంటుంది. ధర చాలా తక్కువ పలుకుతుంది. వడ్రంగం బాగా వచ్చి, ఏటా దాని మీదే కూర్చోగలిగినవాళ్ళకి తప్ప ఎవరికీ అది కొనమని చెప్పను.

కొన్నాక మొదట ఏ పని మొదలుపెట్టాలి?

ఏదీ వద్దు. ప్రాణం మీదికి వచ్చే గ్యాస్, పొగ, కరెంటు విషయాలు సరిచేయించి, ఒక చలికాలం అలాగే గడపండి. నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. అందరూ ఎగరగొట్టేదీ దీన్నే.

వర్షం ఏ కిటికీలోంచి వస్తుందో, ఏ గోడ తెల్లారేసరికి చెమరుస్తుందో, స్టవ్ వేడి పడకగది దాకా వస్తుందో లేదో జనవరిలో పడవే చెబుతుంది. మే నెలలో కొని జూన్‌లో గోడలు పీకినవాళ్ళకి అవేవీ తెలియవు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని కనబడిందల్లా రాయండి. తర్వాత ఆ జాబితాను ఈ వరసలో పేర్చండి: పడవను ముంచేవి, మనిషిని చంపేవి, నీళ్ళు కారేవి, తేమ పట్టేవి, చివరికి కంటికి బాగాలేనివి. డబ్బు ఎప్పుడు ఉన్నా పై వరస నుంచే ఖర్చు పెట్టాలి.

ఈ వరసకి ఇంకో కారణం వెల్డింగ్. పలకకి వెల్డింగ్ చేస్తే లోపలి వైపు ఎర్రగా కాలుతుంది. వెనక ఫోమ్ గానీ థర్మోకోల్ గానీ ఉంటే అంటుకుంటుంది. అంటే ముచ్చటగా వేసిన కొత్త చెక్క గోడని మళ్ళీ విప్పాల్సిందే. ఉక్కు పని పూర్తిగా అయిపోయిందని సర్వేయర్ చెప్పేదాకా లోపలి పని జోలికి పోవద్దు.

లోపలంతా ఒకేసారి పీకేసి ఖాళీ చేస్తే పని సులువు కదా?

పీకడం సులువే. అటూ ఇటూ కాని పడవలు అమ్మకానికి ఎన్ని వస్తాయో చూస్తే మిగతాది అర్థమవుతుంది. లోపల పడుకోవడానికి చోటు, వెచ్చని మూల, టీ పెట్టుకునే వీలు లేకపోతే నవంబరు వానలో అక్కడికి వెళ్ళాలని ఎవరికీ అనిపించదు. ఒక్కో గది తీసుకోండి. అది పూర్తయి తలుపు పడ్డాకే రెండోది తెరవండి. ఇంజిన్ మాత్రం ఎప్పుడూ నడిచే స్థితిలో ఉండాలి. మరమ్మతు డాక్‌కి వెళ్ళాలన్నా, నీళ్ళు పట్టుకోవాలన్నా పడవ కదలాలి.

ఇంకొకటి: నేల కింద బరువు కోసం సిమెంటు పలకలు గానీ ఇటుకలు గానీ పేర్చి ఉంటాయి. వాటిని తీస్తే పడవ పైకి తేలుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. తీసేముందు ఏ వరస ఎక్కడుందో ఫొటోలు తీసుకుని, తిరిగి పెట్టేటప్పుడు అడుగు పలకకి ఆనకుండా కింద గాలి ఆడేలా సన్నటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టండి. ఇటుక కింద నిలిచిన చెమ్మ పలకను లోపల నుంచి తింటుంది.

నేల కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. పడవకి చిల్లు పడిందా?

చాలాసార్లు కాదు. క్యాబిన్ వెనక చివర నేలలో చేయి పట్టేంత మూత కోసుకోండి. పడవ వెనక్కి కొద్దిగా వాలి ఉంటుంది కాబట్టి నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. పూర్తిగా తోడి, తుడిచి, పొడి కాగితం పరిచి చూడండి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా నీళ్ళ పంపు తనంతట తానే అప్పుడప్పుడు టకటకమంటే పైపు కారుతోంది. వాన పడ్డ మర్నాడే తడిస్తే కిటికీయో పైకప్పో కారుతోంది. వాన లేని చలిరోజుల్లో తడిస్తే గోడల వెనక చెమ్మ కారి దిగుతోంది. ఇవేవీ కాకుండా రోజూ ఒకే తీరున నీళ్ళు పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా పడవను పైకి తీయించాలి.

అడుగుకి తారు వేయడం నేనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. మొదటి పెద్ద పనిగా మంచిది కూడా. చాలా డ్రై డాక్‌లు (నీళ్ళు తోడేసి పడవను పొడిగా నిలబెట్టే చోట్లు) సొంతంగా చేసుకునేవారికి రోజుల లెక్కన అద్దెకిస్తాయి. ప్రెషర్ వాషర్‌తో నాచు కడిగి, గవ్వలు గీకి, వదులు తుప్పు ఊడేదాకా రుద్ది, పూర్తిగా ఆరాక తారు రెండు మూడు పూతలు. నీరు, గాలి రెండూ తగిలే నీటిమట్టం గీత దగ్గర తుప్పు ఎక్కువ, అక్కడ ఇంకో పూత వేయండి. మామూలు తారైతే రెండు మూడేళ్ళకోసారి ఈ పని తప్పదు. టూ-ప్యాక్ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పూత) చాలా ఎక్కువ కాలం ఆగుతుంది, కానీ పాత తారు మీద అది పట్టదు. ఇసుకరవ్వ కొట్టించి ఉక్కు తెల్లగా తేలేదాకా శుభ్రం చేయించాలి. పడవ పదేళ్ళు ఉంచుకుంటామన్న నమ్మకం ఉంటే ఎపాక్సీకే పెట్టమంటాను.

పక్కలకి వెల్డింగ్ చేసిన మెగ్నీషియం దిమ్మలు కనిపిస్తాయి. అవి మన ఉక్కుకి బదులు తాము కరిగిపోవడానికి పెట్టినవి. వాటి మీద తారు పూస్తే పనిచేయవు. మంచినీటి కాలువలకి మెగ్నీషియమే సరైనది. సముద్రపు పడవల జింక్ ఇక్కడ పనికిరాదు. గట్టు మీది కరెంటుకి ప్లగ్ పెట్టేవారు గాల్వానిక్ ఐసొలేటర్ కూడా పెట్టించుకోండి. ఎర్తు తీగ ద్వారా మీ పడవ పక్క పడవలన్నిటితో కలిసిపోతుంది. ఆ సన్నటి విద్యుత్తు ఎవరి ఉక్కునైనా తినొచ్చు.

ఇన్సులేషన్‌కి ఏది వాడాలి?

లోపలి వెచ్చటి తడిగాలి చల్లని ఉక్కుకి తగిలితే నీరవుతుంది. కనుక గాలి ఉక్కు దాకా వెళ్ళకూడదు. పలకకి అంటుకుపోయే స్ప్రే ఫోమ్ ఆ పని బాగా చేస్తుంది. గాజు ఉన్ని, రాతి ఉన్ని తడిని పట్టుకుని కిందికి జారిపోతాయి. పాత పడవల్లో ఎక్కువగా కనిపించేది థర్మోకోల్ పలకలు.

థర్మోకోల్ ఉంటే ఒక్క విషయం తప్పక చూడండి. దానికి పీవీసీ తొడుగున్న కరెంటు తీగలు ఏళ్ళ తరబడి ఆనుకుని ఉంటే తొడుగులోని మెత్తదనాన్ని ఇచ్చే రసాయనం థర్మోకోల్‌లోకి పోతుంది. తీగ పైన బంకగా, తర్వాత పెళుసుగా అయి వంచితే విరుగుతుంది. గోడ వెనక ఇది జరుగుతున్నట్టు బయటికి ఏమీ కనిపించదు. ఒక పలక విప్పగానే తీగను వేళ్ళతో వంచి చూడండి. కొత్తగా వేసే తీగలన్నీ గొట్టంలోంచే పోనివ్వండి.

ఇంకా పాత పడవల్లో స్టవ్ వెనక పలకల్లోనూ, ఇంజిన్ పొగగొట్టానికి చుట్టిన తాడులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అనుమానం వస్తే కోయకుండా, గీకకుండా ముక్కను పరీక్షకి పంపే మనిషిని పిలవండి.

కిటికీలు కారుతున్నాయి. సిలికాన్ పూస్తే సరిపోదా?

ఒక వానకి సరిపోతుంది. అల్యూమినియం ఫ్రేమును పూర్తిగా బయటికి తీసి, కింద ఉక్కు తుప్పు గీకి, ప్రైమర్ వేసి, కొత్త సీలింగ్ టేపుతో బిగించాలి. ఫ్రేము కింది గాడిలో నీళ్ళు బయటికి పోయే సన్నటి కన్నాలు పూడిపోయి ఉంటే పుల్లతో తీయండి. ఒక్కోసారి రోగమంతా అదే. ఎండాకాలంలో వారానికి ఒక కిటికీ చొప్పున చేసుకోవచ్చు.

కరెంటు పని ఎంతవరకు నేను చేయొచ్చు?

12 వోల్టుల పని నేర్చుకుని చేయొచ్చు. 240 వోల్టులది తెలిసినవాళ్ళకే ఇవ్వండి. ఇంటి వైరింగ్ చేసినవాళ్ళు కూడా పడవలో పొరపడేది తీగ మందం దగ్గర. బ్యాటరీలు వెనక, ఫ్రిజ్ ముందు ఉంటే పోనూ రానూ కలిపి 30 మీటర్ల తీగ పడుతుంది. 2.5 చదరపు మి.మీ. తీగలో 5 ఆంపియర్లు పోతే దారిలోనే ఒక వోల్టుకి పైగా తగ్గిపోతుంది. బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంటే ఇదే కారణం. 10 చదరపు మి.మీ. తీగ వేస్తే నష్టం పావు వోల్టు దగ్గరికి దిగుతుంది. ప్రతి తీగకీ దాని మందానికి తగ్గ ఫ్యూజు, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గర.

లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగానికన్నా కిందికి వాడితే త్వరగా పోతాయి. లిథియం వాటికి ఆ బెంగ లేదు కానీ ఇంజిన్ ఆల్టర్నేటర్‌ను లాగి లాగి వేడెక్కిస్తాయి, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు. మధ్యలో తగిన ఛార్జర్ పెట్టకుండా నేరుగా మార్చొద్దు.

గ్యాస్?

మీరు చేయొద్దు. గ్యాస్ సేఫ్‌లో (బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితాలో) నమోదై, పడవల ఎల్‌పీజీ పని చేసే అర్హత కూడా ఉన్న మనిషినే పిలవండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. కారితే కిటికీలోంచి పోదు, పడవ అడుగున గుంటలో చేరి కూర్చుంటుంది. సిలిండర్ల అర కింద బయటికి తెరుచుకునే కన్నాలు అందుకే. అవి మూసుకుపోకుండా చూసుకోవడం మాత్రం మీ పని.

పాత కట్టెల స్టవ్ ఉంచుకోవచ్చా?

ఇనుము పగలకపోతే ఉంచుకోవచ్చు. తలుపు చుట్టూ ఉండే తాడు, లోపలి ఇటుకలు మార్చి, పొగగొట్టం అతుకులు మళ్ళీ బిగించండి. స్టవ్‌కీ చెక్కకీ మధ్య దూరం, మధ్యలో కాలని పలక, వెనక గాలి ఆడే ఖాళీ: వీటిలో సర్దుబాటు ఉండదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. గదుల్లాంటి ఏర్పాటు ఉన్న పడవలన్నిటికీ దాన్ని పసిగట్టే అలారం 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. స్టవ్ దగ్గర ఒకటి, పడక దగ్గర ఒకటి పెట్టండి.

ఇంజిన్ చాలా పాతది. మార్చేయాలా?

పొగ, చప్పుడు చూసి తీర్పు చెప్పకండి. పాత పడవల్లో కనిపించే లిస్టర్ ఎస్ఆర్2, బీఎంసీ 1.5 లాంటివి బాగా చూసుకుంటే దశాబ్దాలు నడుస్తాయి. ఆ బీఎంసీ మనవాళ్ళకి కొత్తదేం కాదు: 1489 సీసీ డీజిల్, మన డీజిల్ అంబాసిడర్ కార్లో ఉన్నది ఈ ఇంజినే. ఆ కారు బాగుచేసిన మెకానిక్ మామయ్యో బాబాయో ఇంట్లో ఉంటే ఫోన్ చేయండి. వాల్వ్ సందు సరిచేయడం దగ్గర్నుంచి చెప్పగలరు.

నూనె, ఫిల్టర్లు, బెల్టు, డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు, ఇవి మీరే చూసుకోండి. చలికాలం ముందు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ తక్కువ, దానిలో పెరిగే సూక్ష్మజీవుల బురదా తక్కువే.

పడవ మునిగిపోయే ప్రమాదం నిజంగా ఉందా?

ఉంది, ఎక్కువగా చిన్న అజాగ్రత్తతోనే. ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న గుడ్డలు, ప్లాస్టిక్ తీయడానికి వెనక ఒక మూత ఉంటుంది, దాన్ని వీడ్ హ్యాచ్ అంటారు. తీసినప్పుడు మళ్ళీ గట్టిగా బిగించకుండా ఇంజిన్ నడిపితే ప్రొపెల్లర్ తోసే నీళ్ళన్నీ లోపలికే. దాని రబ్బరు పట్టీని మొదటి వారంలోనే మార్చండి. ప్రొపెల్లర్ ఇరుసు బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా ఆపే స్టర్న్ గ్లాండ్ కారుతుంటే గ్రీజు తిప్పండి, ఆగకపోతే లోపలి ప్యాకింగ్ మార్చాలి. నీళ్ళు తోడే ఆటోమేటిక్ పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా తీగ ఇవ్వండి, మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికెళ్ళినా అది పనిచేయాలి.

వడ్రంగం వచ్చు. పడవలో తేడా ఏముంటుంది?

రసమట్టం ఇంట్లో పెట్టి రండి. పడవ ఎప్పుడూ మట్టంగా ఉండదు. నీళ్ళ ట్యాంకు నిండితే ముందుకి, మీరు ఒక పక్క నిలబడితే ఆ పక్కకి వాలుతుంది. కొలతలన్నీ పడవ నేల నుంచి, మూలమట్టంతో తీసుకోవాలి. పక్కలు లోపలికి వాలి ఉంటాయి, పైకప్పు వంపు తిరిగి ఉంటుంది. కాబట్టి ప్రతి పలకకీ ముందు అట్టముక్క కోసి సరిచూసుకోండి. మేకులు వద్దు, స్టెయిన్‌లెస్ లేదా ఇత్తడి స్క్రూలు వాడండి. పైపు, తీగ, అతుకు ఉన్న ప్రతి చోటా పలక ఊడి వచ్చేలా బిగించాలి. గోడల చెక్క ఇసుమంత సందులతో ఉండాలి, చలికీ ఎండకీ ఉక్కు కదులుతుంది.

బయట రంగు?

చివర్లో వేయండి. తుప్పు గీకడం, ప్రైమర్‌లోనే పని అంతా ఉంది. పై రంగు ఒక్క వారాంతం. మంచు పడని పొడి రోజు, పొద్దున్న తడి ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం దాటకుండా ఆపండి. పైకప్పుకి లేత రంగు, నడిచే చోట జారకుండా సన్న ఇసుక కలిపిన పూత. కార్లకి కొట్టే ఐసోసయనేట్ స్ప్రే రంగులకి ప్రత్యేక గాలి మాస్కు కావాలి, సొంతంగా వద్దు. తలుపుల మీద గులాబీలు, కోటలు వేసే పాత ఆచారం ఇంకా బతికే ఉంది. పాత సరుకు పడవల కుటుంబాలు తమ చిన్న గదిని అలా అలంకరించుకునేవి. మీ తలుపు మీద పాత బొమ్మలు మిగిలి ఉంటే దయచేసి గీకేయకండి.

కాగితాలు, అనుమతులు?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎక్కువ కాలువలు 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ కింద ఉన్నాయి. లైసెన్సుకి ఇన్సూరెన్స్, బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ పరీక్ష నాలుగేళ్ళకోసారి. అది పక్కవాళ్ళకి ప్రమాదం లేకుండా చూసే పరీక్ష, పడవ అడుగు బాగుందని చెప్పేది కాదు. చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు. సొంత మూరింగ్ (పడవ కట్టుకునే స్థిరమైన చోటు) లేకపోతే 1995 చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకు మించి ఉండకుండా నిజంగా ప్రయాణిస్తూ ఉండాలి. అలా తిరిగేవారికి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు రుసుము కూడా ఉంది.

మరమ్మతు కాలంలో మూరింగ్ ఉంటేనే నయం. గ్రైండర్, రంపం వాడనిస్తారో లేదో మెరీనాలో డబ్బు కట్టే ముందే అడగండి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఇంజిన్, జనరేటర్ నడపకూడదు.

మన వంటకి పడవలో ఏం ఏర్పాటు చేసుకోవాలి?

మన వంటలు చేసుకోవచ్చు, కానీ ఏర్పాట్లు ముందే లెక్కేసుకోవాలి. 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ పక్కనుంచే పొట్టి లావు తీగలు ఉండాలి. పచ్చడి రుబ్బే రెండు నిమిషాలు ఇబ్బంది లేదు. ఇడ్లీ పిండికి గ్రైండర్ అరగంట తిరగాలంటే, సోలార్ పలకలుంటే ఎండ ఉన్న మధ్యాహ్నం గానీ ఇంజిన్ నడుస్తున్నప్పుడు గానీ పెట్టుకోండి. అన్నం, పప్పు కుక్కర్లో వండితే ఆవిరి తగ్గుతుంది. మూత లేని గిన్నెలో గంజి పొంగించిన రోజు కిటికీలన్నీ కారతాయి. పొయ్యి పైనే కప్పులో మష్రూమ్ వెంట్ (గొడుగు ఆకారపు గాలి కన్నం), పక్కన తెరిచే కిటికీ ఉండేలా వంటగది చోటు ఎంచుకోండి. తాలింపు ఘాటు పడకగదిలోకి పోకుండా మధ్యలో తలుపు పెట్టండి. చలేస్తోందని కింది గాలి కన్నాలకి గుడ్డలు మాత్రం కుక్కొద్దు. గ్యాస్ పొయ్యి, స్టవ్ మండటానికి గాలి వచ్చేది వాటిలోంచే.